ఏడు లెక్కపెట్టేదాకా

తప్పు మీది. నాలుగో అంతస్తులో మెత్తటి కుర్చీల్లో కూర్చున్న రిజిస్ట్రారుది, ఆయన పక్క గదుల్లోని డీన్లది, నియామకపు కాగితం కింద వరసగా సంతకాలు పెట్టి పెన్ను మూత బిగించిన వాళ్లందరిదీ. నూట పదిమంది పిల్లలు పరీక్ష రాస్తే నలభైముగ్గురు తప్పారు. మీరు వేలు పెట్టి చూపించింది మాత్రం మా కోడల్ని.

మీ లిఫ్టు నడిపే ఆయనకు పన్నెండు రోజులు శిక్షణ ఇచ్చారు. గేటు దగ్గర కాపలా మనిషికి మంటలార్పే సిలిండరు ఎలా పట్టుకోవాలో రెండు రోజులు నేర్పించారు. రసాయనశాస్త్రం ల్యాబులో గాజు సామాను కడిగే నన్ను, యాసిడ్ సీసా ముట్టుకోనిచ్చే ముందు మూడు వారాలు పాత అటెండరు వెనకాలే తిప్పారు. మరి నూట పదిమంది పిల్లల ముందు నిలబడే మనిషికి ఏం నేర్పారు? ఒక సుద్దముక్కల డబ్బా, ఒక టైంటేబులు, ఒక తాళంచెవి చేతిలో పెట్టి పొమ్మన్నారు. ఈత రానివాణ్ణి నడి ఏట్లోకి తోసి, మునిగాక ఒడ్డున నిలబడి మార్కులు వేస్తారా?

జరిగింది జరిగినట్టు చెబుతాను. భాష బాగాలేదని ఎవరైనా అంటే అనుకోనివ్వండి.

మా కోడలు డాక్టరేట్ చేసిన మనిషి. రెండేళ్ల కిందట నేను పనిచేసే విభాగానికే బోధకురాలిగా వచ్చింది. ఇంట్లో నేను అత్తని, ల్యాబులో ఆమె మేడం. మొదటిరోజు అలవాటు కొద్దీ అందరి ముందూ "అత్తయ్యా, ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి" అంది. పిల్లలు గొల్లుమన్నారు. ఆ సాయంత్రం ఒక ఒప్పందం చేసుకున్నాం. ల్యాబు గడప దాటితే నేను మేడం అంటాను. ఆమె నన్ను ఏమీ అనదు, చెయ్యి చాపుతుంది. నేను అందిస్తాను. మా వాడు ప్రెస్సులో పని చేస్తాడు. "ఇద్దరూ ఒకే సింకు దగ్గర చేరారు, ఇంకేం, ఇంట్లో గిన్నెలన్నా పగలకుండా ఉంటాయి" అన్నాడు.

ఆమె క్లాసు నేను వరండాలోంచి వినేదాన్ని. యాభై నిమిషాలు ఆగకుండా చెప్పేది. మాటమాటకీ "అర్థమైందా?" అని అడిగేది. నూట పది గొంతులు ఒక్కసారిగా "అయింది మేడం" అనేవి. నాకు గర్వంగా ఉండేది. నా తెలివి అంతవరకే అప్పుడు.

పరీక్ష ఫలితాలు వచ్చిన మూడోరోజు మెమో వచ్చింది. నెల తిరిగేలోపు కమిటీ ముందు ఒక పాఠం చెప్పాలి, కమిటీకి తృప్తి కలగకపోతే ఉద్యోగం ఖాయం చెయ్యరు. ఖాయం చెయ్యరంటే ఇంటికి పొమ్మని. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో పెట్టుకుంది. ఏడవలేదు. అన్నం సగంలో లేచి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం, తప్పిన పిల్లలు మళ్లీ రాసే పరీక్ష కోసం ల్యాబులో ప్రయోగం చేసి వెళ్లారు. వాళ్లు వదిలిన ఫ్లాస్కులు సింకు పక్కన వరసగా ఉన్నాయి. ప్రయోగం చాలా చిన్నది. గీతలు గీసిన పొడవాటి గాజు గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని బ్యూరెట్ అంటారు. అందులోని క్షారాన్ని కింద ఫ్లాస్కులో రంగు చూపే మందు రెండు చుక్కలు కలిపి ఉంచిన యాసిడ్‌లోకి చుక్కచుక్కగా వదలాలి. యాసిడ్ మొత్తం అయిపోయిన క్షణాన నీళ్లు లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. అక్కడ ఆపేసి, ఎంత వదిలామో గీత చూసి రాసుకోవాలి. అంతే.

నేను కడగబోయి ఆగాను. కోడల్ని పిలిచాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం, అందుకని అత్తయ్యనే అయ్యాను.

"వీటి రంగు చూడమ్మాయ్."

"ముదురుగా ఉన్నాయి."

"ఎలా ఉండాలి?"

"ఉందా లేదా అన్నట్టు ఉండాలి. కింద తెల్ల కాగితం పెడితేనే కనిపించాలి." ఒక్కో ఫ్లాస్కూ ఎత్తి చూసింది. ముఖం మాడిపోయింది. "నేను చెప్పాను అత్తయ్యా. మూడుసార్లు చెప్పాను. అర్థమైందా అని కూడా అడిగాను."

"అయిందన్నారుగా."

"అన్నారు."

"మొన్న రిజిస్ట్రారు సర్క్యులర్ చదివి వినిపించి అర్థమైందా అంటే నేనూ అయిందనే అన్నాను. అందులో ఏముందో నాకిప్పటికీ తెలీదు."

ఆమె నవ్వలేదు. "మీరు ఇవి ఎన్నాళ్లుగా కడుగుతున్నారు?"

"నువ్వొచ్చినప్పటి నుంచీ. నీకు ముందు నుంచీ."

"అన్నీ ఇలాగే ఉండేవా?"

"సగానికి సగం."

"ఒక్కసారైనా నాతో అనలేదేం?"

సబ్బు కోసం, చేతి తొడుగుల కోసం, సెలవుల కోసం ఈ క్యాంపస్‌లో నేను ఎక్కని మెట్టు లేదు. రిజిస్ట్రారు నా పేరు వింటే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. అలాంటిదాన్ని, ఇన్నేళ్లు ముదురు గులాబీ నీళ్లు సింకులో పారబోస్తూ నోరు విప్పలేదు. కడిగేదాన్ని పాఠం గురించి ఎవరడుగుతారని. ఈ తప్పులో నా వాటా కూడా ఉంది, దాన్ని ఎవరి మీదకూ తొయ్యను.

చివరి బెంచీ పిల్ల ఒకతి పుస్తకం మర్చిపోయి వెనక్కి వచ్చింది. రెండుసార్లు తప్పిన పిల్ల. మా కోడలు ఆమెను అడిగింది, "ఇంత ముదురు రంగు వచ్చేదాకా ఎందుకు వదిలావమ్మా?"

ఆ పిల్ల నా వంక, ఆమె వంక చూసి, "రంగు బాగా రావాలి కదా మేడం. లేతగా ఉంటే ఇంకా అవ్వలేదేమోనని" అంది.

బాగా రావాలట. పాపం, అన్నంలో కూర కలిపినట్టు కలిపారు పిల్లలు. వాళ్లు మొద్దులు కారు, సోమరులూ కారు. ఎవరూ వాళ్ల ఫ్లాస్కు వైపు చూసి ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

పిల్ల వెళ్లాక మా కోడలు స్టూలు మీద కూర్చుంది. "నాకు రసాయనశాస్త్రం వచ్చు అత్తయ్యా. చెప్పడం రాదు. రాదని కూడా ఎవరూ చెప్పలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తిన్నగా పరిపాలనా భవనానికి వెళ్లాను. లిఫ్టులో, బటన్ల పైన, అద్దం వెనక లిఫ్టాయన సర్టిఫికెట్ ఉంటుంది: పన్నెండు రోజుల శిక్షణ సంతృప్తికరంగా పూర్తిచేసినారు అని. అది గోడకు లేకుండా లిఫ్టు నడపకూడదని వాళ్ల నియమమే, ఆ పక్కనే రాసి ఉంటుంది.

"తమ్ముడూ, స్క్రూడ్రైవర్ ఉందా?"

"ఎందుకక్కా?"

"నీ సర్టిఫికెట్‌ను నాలుగో అంతస్తుకు తీసుకెళ్లాలి."

"నన్నూ తీసుకెళ్లొచ్చుగా, దాన్నొక్కదాన్నే ఎందుకు?" అంటూనే విప్పి ఇచ్చాడు. తర్వాత లిఫ్టు ఆపేసి, స్టూలు బయట వేసుకుని కూర్చున్నాడు. నేను మెట్లెక్కాను.

రిజిస్ట్రారు దగ్గర మా విభాగాధిపతి కూడా ఉన్నాడు. ఆయన్ను పిల్లలు బోర్డుగారు అంటారు. ముప్ఫై ఏళ్లుగా బోర్డుకే పాఠం చెబుతాడు, పిల్లలకు ఆయన వీపు తప్ప ముఖం తెలియదు. నేను సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాను.

"లిఫ్టు ఎక్కించి దించడానికి పన్నెండు రోజులు నేర్పారు. పాఠం చెప్పడానికి ఎన్ని రోజులు నేర్పారో ఆ కాగితం చూపించండి. మీ ఇద్దరిది కూడా ఉంటే చూపించండి."

బోర్డుగారు నవ్వాడు. "విద్య ఉన్నవాడికి చెప్పడం వేరే నేర్పాలా అమ్మా? అది దానంతటదే వస్తుంది."

"మీకొచ్చిందా సార్?"

రిజిస్ట్రారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమెను తియ్యడం కాదు, ముందు నేర్పండి, నేర్పాక చూడండి అన్నాను. ప్రొఫెసర్లకు శిక్షణా, పరువు పోతుంది అన్నారు. నేను వాదించలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సర్టిఫికెట్ నా ఒళ్లో ఉంది. మూడు గంటలయ్యేసరికి ఇద్దరు డీన్లు, ఒక ఆడిటరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చి లిఫ్టు సంగతి అడిగారు. నాలుగున్నరకు వైస్ ఛాన్సలరే ఎక్కివచ్చాడట. ఐదింటికి ఒప్పుకున్నారు. ఆరు రోజుల శిక్షణ, ఇష్టమైనవాళ్లు రావచ్చు, ఏడో పనిదినాన కమిటీ ముందు పాఠం. గది మాత్రం పాత కుర్చీలు పడేసిన స్టోరు.

నేర్పడానికి వచ్చినావిడ రిటైరైన టీచరమ్మ. బక్కపలచటి మనిషి, మెడలో నల్లతాడుకు స్టాప్‌వాచ్. మా కోడలితో కలిపి ఐదుగురు బోధకులు వచ్చారు. బోర్డుగారు వెనక గోడ దగ్గర కుర్చీ వేసుకున్నాడు, పరిశీలించడానికట.

మొదటిరోజు ఒక్కొక్కరూ పది నిమిషాలు పాఠం చెప్పారు, మిగతా నలుగురే విద్యార్థులు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. టీచరమ్మ ఆపేసింది.

"మీకందరికీ ఇది ముందే తెలుసు. తెలిసినవాడు తలూపితే పాఠం బాగున్నట్టు కాదు. తెలియనివాళ్లు కావాలి. పిల్లలెక్కడ?"

"సెలవులు మేడం."

"మరి ఈ క్యాంపస్‌లో ఎవరున్నారు?"

ఉన్నది మేమే. మధ్యాహ్నానికల్లా స్టోరు గదిలో నేను, లిఫ్టాయన, తోటమాలి, క్యాంటీన్ వంటమనిషి, కాపలా మనిషి విరిగిన కుర్చీల్లో కూర్చున్నాం. తోటమాలి చేతుల మట్టి కడుక్కుని మరీ వచ్చాడు. "ఇన్నేళ్లూ కిటికీ బయట నుంచి విన్నా, ఇవాళ లోపలికొచ్చా" అన్నాడు.

మా కోడలు పది నిమిషాలు చెప్పింది. మేం వింటున్నట్టు ముఖాలు పెట్టాం. జన్మంతా ఆఫీసర్ల ముందు ఆ పనే చేశాం, బాగా వచ్చు. చివర్లో టీచరమ్మ మా అందరికీ తలో కాగితం ముక్క ఇచ్చింది. ఏం అర్థమైందో రాయండి, రాయలేనివాళ్లు బొమ్మ గియ్యండి అంది. అయిదు కాగితాలూ ఖాళీ, ఆ పని చేత్తో వచ్చిన నాది కూడా. కాదు, వంటమనిషి ఒక ఫ్లాస్కు బొమ్మ గీసింది. చూడ్డానికి టీ కెటిల్లా ఉంది.

టీచరమ్మ స్టాప్‌వాచ్ ఆపి తన పుస్తకంలోంచి చదివింది. "పది నిమిషాల్లో అర్థమైందా అని పందొమ్మిదిసార్లు అడిగావు. ఒక్కసారి కూడా ఎవరూ కాలేదనలేదు. ప్రశ్నలు ఎనిమిది వేశావు. ప్రతి ప్రశ్నకూ ఒక సెకను లోపలే నువ్వే జవాబు చెప్పేశావు. మరి వాళ్లెందుకొచ్చినట్టు?"

మా కోడలి చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం దించుకోలేదు. పుస్తకం తీసి రాసుకుంది. పందొమ్మిది, ఎనిమిది, ఒకటి.

"రేపటి నుంచి రెండే నియమాలు. ఆ మాట అడగడం బంద్, వాళ్ల చేత ఏదైనా చేయించి చూడు. రెండోది, ప్రశ్న వేశాక నోరు మూసి మనసులో ఏడు లెక్కపెట్టు."

ఏడు ఒక లెక్కా అనుకుంటారు. మీరు నలుగురి ముందు నిలబడి ప్రశ్న వేసి, అందరూ మీ ముఖంలోకి చూస్తుంటే ఏడు లెక్కపెట్టి చూడండి. ఐదుగురు బోధకుల్లో ఒకాయన మూడు దగ్గర నీళ్లు నమిలాడు, ఒకావిడ నాలుగు దగ్గర నవ్వేసింది. మా కోడలు నిలబడింది. ఆమె నిలబడింది గానీ నేను నిలబడనిచ్చానా?

"ఈ చుక్క పడగానే రంగొచ్చి ఎందుకు పోయింది?" అని అడిగింది రెండోరోజు. మనసులో లెక్క మొదలుపెట్టింది. తోటమాలి పెదాలు కదుపుతున్నాడు. నాకు ప్రాణం పోతున్నట్టుంది. ఇరవై ఏళ్లు ఆ ఫ్లాస్కులు కడిగానాయె. "యాసిడ్ ఇంకా మిగిలుంది కాబట్టి" అని అరిచేశాను.

టీచరమ్మ నా వంక చూసి ఊరుకుంది. మూడోరోజు మళ్లీ అరిచాను. స్టాప్‌వాచ్ టక్కున ఆగింది.

"ఏమ్మా, రేపటి నుంచి నువ్వు తలుపు బయట."

"ఈ శిక్షణ తెప్పించిందే నేను."

"తెప్పించావు. ఇంక జరగనివ్వు."

వెనక గోడ దగ్గర బోర్డుగారు దగ్గినట్టు నవ్వాడు.

ఇంటికెళ్లాక మా వాడికి సంగతి తెలిసి పడీపడీ నవ్వాడు. "అమ్మా, నోరు మూసుకోవడం ఏ యూనివర్సిటీలో నేర్పుతారే? నీకూ నాకూ కలిపి సీటు రాయిద్దాం."

కోడలు నా పక్కన వచ్చి కూర్చుంది. "అత్తయ్యా, ఒకటి చెబితే కోప్పడతారా?"

"నువ్వు చెప్పాక చూద్దాం."

"మీరు అందించిన ప్రతిసారీ తోటమాలి పెదాలు ఆగిపోతున్నాయి. ఆయనకు వస్తోంది. ఇంకో రెండు అంకెలు ఆగితే వచ్చేది. బోర్డుగారు ముప్ఫై ఏళ్లుగా చేసేది అదే కదా, అందరి తరఫునా తనే చెప్పడం. మీరూ..." అని ఆగింది.

నన్ను తీసుకెళ్లి బోర్డుగారి పక్కన కూర్చోబెట్టింది. అత్త మెచ్చిన కోడలు లేదంటారు. ఆ రాత్రి కోడలు మెచ్చని అత్తనయ్యాను. కోపమొచ్చింది. తర్వాత, నిజమే అనిపించింది. మా ఉద్యోగుల సంఘం మీటింగుల్లో కూడా నేను అడిగి, నేనే చెప్పి, నేనే చప్పట్లు కొట్టిస్తాను. మా సంఘంలో ఎవరూ మాట్లాడరని తిరిగి వాళ్లనే తిడతాను.

నాలుగోరోజు తలుపు బయట కూర్చున్నాను. చెక్క పగిలి వేలెడు సందుంది, అందులోంచి చూశాను. నాలుగోరోజు ఆమె సుద్దముక్క వదిలి ఫ్లాస్కు పట్టుకుంది. ఐదోరోజు చిన్న పళ్లెంలో వాళ్లందరికీ తలో ఫ్లాస్కు ఇచ్చి వాళ్ల చేత చుక్కలు వేయించింది. తోటమాలి మొక్కకు మందు వేసినంత జాగ్రత్తగా వేశాడు. అప్పుడడిగింది:

"లేత రంగు వచ్చాక ఇంకో చుక్క వేస్తే ముదురుతుంది. మరి మనం ఇక్కడే ఎందుకు ఆగాలి?"

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఒకటి. రెండు. మూడు. కుర్చీ కిర్రుమంది. నాలుగు. ఐదు. ఆమె ఎవరి ముఖం మీదా చూపు ఆపలేదు, తొందర పెట్టలేదు. ఆరు. ఏడు. ఎనిమిది కూడా అయింది.

లిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు. "మేడం, మా లిఫ్టులో పదిమందికే చోటు. పదిమంది ఎక్కేదాకా బయట ఎవరూ కనపడరు. పదకొండోవాడు వస్తాడు చూడండి, వాడు బయటే నిలబడతాడు. ఆ లేత రంగు ఆ పదకొండోవాడే. వాడు కనపడ్డాడంటే లోపల నిండినట్టు. ఇంక పన్నెండోవాణ్ణి, పదమూడోవాణ్ణి పిలిచి లెక్క పాడుచేసుకోవడం ఎందుకు?"

టీచరమ్మ స్టాప్‌వాచ్ నొక్కడం మర్చిపోయింది. బోర్డుగారు కుర్చీలో ముందుకు వంగాడు. మా కోడలు, "మరోసారి చెప్పండి, బోర్డు మీద మీ మాటే రాస్తాను" అంది.

రాసింది. పదకొండోవాడు. డాక్టరేట్ చేసిన చెయ్యి లిఫ్టాయన మాటను పెద్దక్షరాలతో రాసింది. తలుపు బయట నేల మీద కూర్చుని నేను ముక్కు చీదుకున్నాను.

ఏడో పనిదినం వచ్చింది. కమిటీలో ఏడుగురు. రిజిస్ట్రారు మధ్యలో, బోర్డుగారు ఆ చివర. సెలవుల్లోంచి పిలిపించిన, మళ్లీ పరీక్ష రాయాల్సిన నలభైముగ్గురు పిల్లలే విద్యార్థులు. అది మా కోడలు తనే కోరుకుంది. తెలివైన పిల్లల్ని ఏరి కూర్చోబెట్టుకో అని ఒక డీన్ సలహా ఇస్తే, "తప్పినవాళ్లకు చెప్పలేకపోతే నాకు ఈ ఉద్యోగం ఎందుకు సార్?" అందట. ఆ మాట నాకు లిఫ్టాయన చెప్పాడు. లిఫ్టులో అన్నీ వినపడతాయి.

గాజు సామాను అందించడం నా పని కాబట్టి నన్ను బయటికి పంపలేరు. సింకు పక్కన నిలబడ్డాను. ఆ ఉదయం ఆమె నాతో ఒక్కటే అంది, "అత్తయ్యా, ఇవాళ మీకూ పరీక్షే."

ఆమె బోర్డు ముట్టుకోలేదు. రెండు ఫ్లాస్కులు బల్ల మీద తెల్ల కాగితంపై పెట్టింది. ఒకటి ముదురు గులాబీ, ఒకటి ఉందా లేదా అన్నట్టు. "ఇద్దరు ఒకే ప్రయోగం చేశారు. ఎవరి కొలత నమ్ముతారు? చేతులెత్తండి."

ముప్ఫైకి పైగా చేతులు ముదురు రంగుకే లేచాయి. కమిటీలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె తప్పనలేదు, ఒప్పనలేదు. చేతులు లెక్కపెట్టి రాసుకుని, "సరే, రెండోదానిలో రంగు అప్పుడే ఎందుకొచ్చిందో చెప్పండి" అని చేతులు కట్టుకుని నిలబడింది.

ఒకటి. రెండు. మూడు.

రిజిస్ట్రారు పక్కాయన చెవిలో, "మర్చిపోయినట్టుంది పాపం" అన్నాడు. నాకు వినపడింది.

నాలుగు. ఐదు. బోర్డుగారి పెదాలు తెరుచుకున్నాయి. ముప్ఫై ఏళ్ల అలవాటు, ఆగుతుందా? ఆయన గాలి పీల్చడం చూశాను. నేను ఆయన కళ్లలోకి చూసి వేలు పెదాల మీద పెట్టాను. అటెండరు విభాగాధిపతికి అలా చెయ్యి చూపించడం ఈ క్యాంపస్ పుట్టాక మొదటిసారి అయి ఉంటుంది. ఆయన నోరు మూశాడు.

ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. మా కోడలి ముఖం చెరువు నీళ్లలా ఉంది.

చివరి బెంచీ పిల్ల లేచింది. రెండుసార్లు తప్పిన పిల్ల. "మేడం... అప్పటికే యాసిడ్ అయిపోయింది కదా. కలవడానికి ఏమీ లేక ఆ చుక్క మిగిలిపోయింది. అదే కనపడుతోంది." ఒక్క క్షణం ఆగి, తన చెయ్యి తను చూసుకుంది. ఇందాక ముదురు రంగుకు ఎత్తిన చెయ్యి. "అయితే ముదురుగా వస్తే... ఎక్కువ పోసేసినట్టా? రెండుసార్లూ నేను చేసింది అదేనా?"

"అదే" అంది మా కోడలు. "నువ్వు తప్పింది అక్కడ. నేను తప్పిందీ అక్కడే, నీ ఫ్లాస్కు చూడలేదు. రండి, అందరూ చేసి చూపించండి."

తర్వాత అరచుక్క ఎలా వెయ్యాలో చూపించింది. బ్యూరెట్ కొనకు వేలాడే చుక్కను ఫ్లాస్కు గోడకు తాకించి నీళ్లతో కిందికి కడగడం. అది నేను నేర్పిందే. నాకు పాత అటెండరు నేర్పాడు. ఆ మాట పిల్లలతో చెప్పింది కూడా, "ఇది మా అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను" అని, ఒప్పందం మరిచిపోయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పాఠం అయ్యాక కమిటీ లోపలి గదికి పోయింది. నేను సింకు దగ్గర ఫ్లాస్కులు లెక్కపెట్టాను. నలభైమూడింటిలో నలభైఒకటి లేత రంగు. కడగడానికి చెయ్యి రాలేదు. కాసేపు అలాగే వరసగా ఉంచాను, వెలుతురు వాటిలోంచి పోతుంటే చూస్తూ. నా చేతుల మీదుగా లక్ష ఫ్లాస్కులు వెళ్లి ఉంటాయి. నేను గర్వపడి కడిగినవి ఇవే.

ఉద్యోగం ఖాయం చేశారు. కాగితం మర్నాడు ఇచ్చారు. కథ ఇక్కడితో అయిపోతే నేనీ రాత పెట్టుకునేదాన్ని కాదు. ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది: "ఈమెకు బోధనా ప్రతిభ పుట్టుకతో వచ్చినదని కమిటీ అభిప్రాయపడుతున్నది. కావున ప్రత్యేక శిక్షణ కొనసాగించవలసిన అవసరము కనిపించుట లేదు."

చూశారా తెలివి? ఓడితే ఆమె చేతగానిది, గెలిస్తే పుట్టుకతో వచ్చింది. ఎటు తిరిగినా నేర్పే బాధ్యత మీకు లేదు. ఆ సాయంత్రమే స్టోరు గదికి తాళం పడింది. టీచరమ్మను పంపించేశారు.

నా నోరు లేచింది. అప్పటికే మెట్ల వైపు రెండు అడుగులు వేశాను. అంతలో కోడలి ముఖం చూసి ఆగాను. మనసులో లెక్కపెట్టాను. నాలుగు దాకా కూడా రాలేదు, ఆమె ఆ కాగితం పట్టుకుని నన్ను దాటి తనే మెట్లెక్కింది. లిఫ్టు ఉన్నా మెట్లే ఎక్కింది. నేను వెనకాల వెళ్లాను, వెనకాలే ఉన్నాను.

"సార్, ఈ వాక్యం అబద్ధం" అంది రిజిస్ట్రారుతో. "మొదటిరోజు నేను అర్థమైందా అని పందొమ్మిదిసార్లు అడిగాను. టీచరమ్మ పుస్తకంలో ఉంది, నా పుస్తకంలోనూ ఉంది. ఆరో రోజుకు సున్నా. ఇది పుట్టుక కాదు, ఆరు రోజుల పని. నాకు నేర్పారు, నేను నేర్చుకున్నాను. ఆ ముక్క రాసి ఇస్తే తీసుకుంటాను. లేకపోతే ఈ కాగితం మీ దగ్గరే ఉంచండి."

బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. రిజిస్ట్రారు ఏడు దాటేదాకా మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడలేదు. చివరికి ఆయన కళ్లద్దాలు తీశాడు.

కాగితం ఇంకా ఆ బల్ల మీదే ఉంది. ఈ రాత రాసే సమయానికి నాలుగు రోజులయింది. మా వాడు, "మీ ఇద్దరితో వేగడం కంటే ఆయన సంతకం పెట్టడమే సులువు" అంటున్నాడు. నాకు భయం లేదు. ఇంటికి ఉద్యోగం రావడం చూశాను గానీ, వచ్చిన ఉద్యోగాన్ని ఒక అబద్ధపు వాక్యం కోసం బల్ల మీద వదిలిన మనిషిని నేను మా ఇంట్లోనే చూస్తాననుకోలేదు.

నిన్న మధ్యాహ్నం బోర్డుగారు సింకు దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. "ఏమ్మా, ఆ ఏడు... గట్టిగా లెక్కపెట్టాలా, మనసులోనా?"

"మనసులో సార్. ముందు పిల్లల వైపు తిరగాలి."

ఆయన స్టోరు గది వైపు తల తిప్పి, "తాళం ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు.

ఆ ప్రశ్నే నేనూ అడుగుతున్నాను. సోమవారం ఉదయం తొమ్మిదింటికి స్టోరు గది తాళం తియ్యండి. టీచరమ్మకు కబురు పెట్టండి. ఆ అబద్ధపు వాక్యం కొట్టేసి, నేర్పితే వచ్చిందని మీ చేత్తో రాయండి. వచ్చే టర్ముకు చేరే ఏ ఒక్కరికైనా, ప్రొఫెసరైనా సరే, పన్నెండు రోజులు నేర్పకుండా సుద్దముక్క చేతికివ్వకండి. నేర్చుకునేవాళ్ల ముందు కూర్చోవడానికి తోటమాలి, వంటమనిషి, కాపలా మనిషి, నేను సిద్ధంగా ఉన్నాం.

లిఫ్టాయన సర్టిఫికెట్ మళ్లీ గోడకు బిగించాడు. నాలుగు స్క్రూలే. స్క్రూడ్రైవర్ నా దగ్గరే ఉంది. సోమవారం తొమ్మిదింటికి తాళం తియ్యండి.